మ్యాక్ స్టూడియో ధర, పెళ్లి ఎడిటింగ్ లెక్క: డబ్బు ఎక్కడ పెట్టాలి?

తమ్ముడు: నమస్కారమండీ, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ మ్యాక్ స్టూడియో గురించి, అదే యాపిల్ వాళ్ల చిన్న డబ్బాలాంటి కంప్యూటరు. 2025 మార్చిలో కొత్త చిప్పులతో వచ్చిన కాడ్నించి గంటస్తంభం దగ్గరి ఫొటో స్టూడియోల్లోనూ, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మిక్సింగ్ గదుల్లోనూ ఒకటే ప్రశ్న. "2,14,900 పెడితే వట్టి డబ్బానేనా వచ్చేది?" చెప్పక్కా, అంతేనా?

అక్క: అంతే. డబ్బా, కరెంటు తీగ. మానిటరు, కీబోర్డు, మౌసు ఏవీ రావు. అందుకే ఆ 2,14,900 దగ్గర లెక్క ఆపకూడదు, అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. 2025 మార్చిలో ఆ ధరకి వచ్చింది ఎం4 మ్యాక్స్ చిప్పు: 14 కోర్ల ప్రాసెసరు (కోరు అంటే లెక్కలు చేసే భాగం), 32 కోర్ల గ్రాఫిక్స్, 36 జీబీ మెమరీ, ఫైళ్లు దాచుకోడానికి 512 జీబీ ఎస్ఎస్‌డీ. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియో అయితే ఇందులో 18 శాతం పన్ను, అంటే 32,781 రూపాయలు, ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించి, సర్దుకోవచ్చు. బిల్లు మీద జీఎస్టీ నంబరు కొనేటప్పుడే వేయించుకోవాలి. తర్వాత వేయిస్తామంటే తిప్పలే.

తమ్ముడు: పైన ఇంకో మోడల్ ఉంది కదా, ఎం3 అల్ట్రా. పేరు చూస్తే అర్థం కాటంలేదంటున్నారు. కొత్తది ఎం4, దానికన్నా ఖరీదైనది ఎం3. ఇదేటి?

అక్క: అల్ట్రా అంటే రెండు ఎం3 మ్యాక్స్ చిప్పుల్ని పక్కపక్కన అతికించి ఒకటిగా చేసినది. ఎం4 తరంలో అలాంటి జంట రాలేదు, అందుకని పాత తరానిది పెట్టారు. వచ్చినప్పుడు అమెరికాలో ఎం4 మ్యాక్స్ 1,999 డాలర్ల నుంచి, అల్ట్రా 3,999 నుంచి. ధర రెట్టింపు అయింది కాబట్టి వేగం కూడా రెట్టింపనుకుంటారు. అక్కడే పొరపాటు. ఒక్క కోరు వేగంలో ఎం4 మ్యాక్సే ముందుంటుంది. ఫొటోషాప్‌లో ఒక్కో పేజీ తెరవడం, టైమ్‌లైన్‌లో క్లిప్పు కొయ్యడం, టైటిల్ కదపడం లాంటివి ఎక్కువగా ఒక్క కోరు వేగం మీదే నడుస్తాయి.

తమ్ముడు: అయితే అల్ట్రా ఎవరికి?

అక్క: మెమరీ కావలసినవాళ్లకి. అది 96 జీబీతో మొదలై 512 జీబీ దాకా వచ్చింది. గ్రాఫిక్స్‌కి, ప్రాసెసరుకి అదే మెమరీ ఉమ్మడి, కాబట్టి పెద్ద ఏఐ మోడళ్లని ఇంట్లోనే నడపాలనుకునేవాళ్లకి అది నిజంగా మేలు. పీసీలో పెట్టే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5090కి ప్రకటించిన ధర కూడా సరిగ్గా 1,999 డాలర్లే, దానికున్న మెమరీ 32 జీబీ. వేగంలో ఆ కార్డు ముందుంటుంది, సెకనుకి 1,792 జీబీ తిప్పుతుంది, అల్ట్రా 819. కానీ 32లో పట్టని మోడల్ ఆ కార్డులో మొత్తంగా కూర్చోదు, కొంత పీసీ మెమరీలోకి పోయి బాగా నెమ్మదిస్తుంది. పెళ్లి వీడియోకి ఈ గొడవంతా అక్కర్లేదు. అల్ట్రా ఆలోచన పక్కన పెట్టేయండి.

తమ్ముడు: యాపిల్ పెద్ద డబ్బా మ్యాక్ ప్రో సంగతి?

అక్క: 2023 జూన్‌లో ఎం2 అల్ట్రాతో వచ్చింది, అప్పుడు మన దగ్గర 7,29,900. లోపల కార్డుల స్లాట్లు ఉన్నాయి గానీ గ్రాఫిక్స్ కార్డు పెట్టనివ్వదు, మెమరీ పెంచనివ్వదు. ఆడియో కార్డులు, బ్రాడ్‌కాస్ట్ కార్డులు వాడేవాళ్లు తప్ప ఇంకెవరూ దానికేసి చూడక్కర్లేదు.

తమ్ముడు: సరే, మన పనికొద్దాం. 36 జీబీ సరిపోద్దా?

అక్క: లెక్క వేద్దాం. పెళ్లికిచ్చే కరిష్మా ఆల్బమ్ షీటు 12 ఇంటూ 36 అంగుళాలు, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు. అంటే 3,600 ఇంటూ 10,800 పిక్సెళ్లు. ఫొటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చే పొరల్లో నిండుగా ఉన్న ఒక్క లేయరు 8 బిట్‌లో 117 ఎంబీ దగ్గరుంటుంది. అలాంటివి 20 పెడితే 2.3 జీబీ. దాని పైన హిస్టరీ స్టెప్పులు, అంటే వెనక్కి వెళ్లడానికి దాచుకునే మార్పులు. పది షీట్లు ఒకేసారి తెరిచి, పక్కన వీడియో సాఫ్ట్‌వేరు, బ్రౌజరు కూడా పెట్టుకుంటే 36 నిండుతుంది. రెండు షీట్ల చొప్పున చేసుకుంటే హాయిగా సరిపోతుంది. కొనేసిన తర్వాత మెమరీ పెంచే దారి లేదు, చిప్పుతోనే అతికి ఉంటుంది. 48 కావాలంటే 16 కోర్ల పెద్ద చిప్పు కూడా తీసుకు తీరాలి. ఆ రెండింటికీ కలిపి వచ్చినప్పటి అమెరికా ధరలోనే 500 డాలర్లు ఎక్కువ. 12 జీబీ కోసం అంత పెట్టడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ రోజూ ఆల్బము, వీడియో రెండూ అదే మిషన్ మీద చేసేవాళ్లు ఐదేళ్లు వాడాలనుకుంటే, అదనపు డబ్బు పెట్టాల్సిన చోటు అదొక్కటే.

తమ్ముడు: ఇప్పుడున్న మిషన్‌లో మెమరీ చాలట్లేదని ఎలా తెలుస్తాది?

అక్క: మ్యాక్ అయితే యాక్టివిటీ మానిటర్ తెరిచి మెమరీ ట్యాబులో కింద గ్రాఫు చూడు. పచ్చగా ఉంటే సరే. పని మధ్యలో పసుపు, ఎరుపు వచ్చి, స్వాప్ (మెమరీలో పట్టక డిస్కు మీదకి పోయేది) జీబీల్లో పెరుగుతూ ఉంటే మెమరీ చాలట్లేదు. విండోస్‌లో అయితే టాస్క్ మేనేజరు. చాలామంది మెమరీ 60 శాతం కూడా నిండకుండానే కొత్త మిషన్ కొనేస్తున్నారు. అసలు సమస్య వేరే చోట ఉంటుంది.

తమ్ముడు: ఎక్కడక్కా?

అక్క: కెమెరా ఫైల్లో. ఇప్పటి సోనీ కెమెరాల్లో 4కే 50పీ, హెచ్.265 (వీడియోని బాగా కుదించే పద్ధతి), 10 బిట్ 4:2:2 (రంగు వివరం ఎక్కువ దాచే రకం)లో తీస్తున్నారు. ఆ 4:2:2ని విప్పే భాగం చిప్పులోనే ఉండాలి. యాపిల్ చిప్పుల్లో ఉంది. ఇంటెల్‌లో 11వ తరం నుంచి, లోపలి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్లలో ఉంది. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసరుకి ఆ లోపలి గ్రాఫిక్స్ ఉండవు, కాస్త చవకని అది కొని ఇరుక్కుంటారు. ఎన్‌విడియాలో అయితే 50 సిరీస్ కార్డులతోనే వచ్చింది. అందుకే 40 సిరీస్ పెద్ద కార్డు పెట్టినా, ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసరుతో టైమ్‌లైన్ ముక్కుతూ నడుస్తుంది. కార్డు తప్పేమీ లేదు, ఆ ఫైలుని విప్పడం దానికి రాదు. రాత్రి ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి నకళ్లు, తయారు కావడానికి పెట్టి వదిలేస్తే పాత మిషన్ మీదే పని సాగుతుంది. రెండు లక్షలు పెట్టే ముందు అది చేసి చూడండి.

తమ్ముడు: ఎస్ఎస్‌డీ 512 మాత్రమే కదా. ఎక్కువమంది కోప్పడేది దానికే.

అక్క: కోపం న్యాయమే. ఆ 4:2:2 ఫైలు సెకనుకి 200 మెగాబిట్ అనుకో, గంటకి 90 జీబీ. రెండు కెమెరాలు ఐదేసి గంటలు తిరిగితే 900 జీబీ. కెమెరా కుదించకుండా ఇచ్చే రా ఫొటో ఒక్కోటి 35 ఎంబీ వేసుకున్నా 3,000 ఫొటోలకి 105 జీబీ. అంటే ఒక్క పెళ్లే లోపల పట్టదు. అయినా లోపలిది పెంచొద్దనే చెప్తాను. 1 టీబీకి వెళ్లడానికే వచ్చినప్పటి అమెరికా ధరలో 200 డాలర్లు, అందులోనూ అంత పెళ్లి ఒక్కటి పూర్తిగా పట్టదు. బయట ఎన్‌వీఎంఈ డ్రైవు (వేగమైన ఎస్ఎస్‌డీ), దాన్ని పెట్టి తీగతో కలపడానికి యూఎస్‌బీ4 లేదా థండర్‌బోల్ట్ డబ్బా తీసుకోవాలి. సెకనుకి 3,000 ఎంబీ దగ్గర వస్తుంది. ఇక్కడో మెలిక ఉంది. షాపులో 20 జీబీపీఎస్ అని రాసిన యూఎస్‌బీ 3.2 జెన్ 2 బై 2 డ్రైవులు అంటగడతారు. మ్యాక్ స్టూడియోలో యూఎస్‌బీ3 వేగం 10 దగ్గరే ఆగిపోతుంది. ఆ డ్రైవుకి పెట్టిన అదనం వృథా.

తమ్ముడు: పాత హార్డ్ డిస్కులు దానికి పెట్టొచ్చా?

అక్క: విండోస్ మీద వాడిన డిస్కులు ఎక్కువగా ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. మ్యాక్ వాటిని చదువుతుంది, రాయదు. పెళ్లివాళ్లకిచ్చే పెన్‌డ్రైవు, రెండు చోట్లా నడిచే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యాలి. ఎడిటింగ్ డ్రైవుకి మాత్రం ఎక్స్‌ఫ్యాట్ వద్దు. దానికి జర్నలింగ్ (మార్పుల్ని ముందే రాసి పెట్టుకునే రక్షణ) లేదు, కరెంటు పోయినా తీగ కదిలినా ఫోల్డర్లు చెడిపోవచ్చు. మ్యాక్ సొంత ఫార్మాట్ ఏపీఎఫ్ఎస్ పెట్టుకోండి. పెళ్లి ఫుటేజీ మళ్లీ తీయలేం కాబట్టి కార్డు ఫార్మాట్ చేసే ముందు రెండు కాపీలు, అందులో ఒకటి స్టూడియో బయట ఉండాలి. తిత్లీ లాంటి తుఫాను వస్తే ఒకే గదిలో ఉన్న రెండు కాపీలూ ఒక్క కాపీతో సమానం.

తమ్ముడు: ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు మీద చేసేవాళ్ల మాటేటి?

అక్క: అది విండోస్‌లోనే నడుస్తుంది. మన మిక్సింగ్ గదుల్లో ఇప్పటికీ అదే ఎక్కువ. పాత ప్రాజెక్టులు మ్యాక్‌లో తెరుచుకోవు, ఇప్పటి మ్యాక్‌ల్లో విండోస్ నడపడానికి వాడిన బూట్ క్యాంప్ కూడా లేదు. కొనుక్కున్న టైటిల్ ప్రాజెక్టులన్నీ దానిలోనే ఉంటే ఆ పాత మిషన్ని అమ్మకండి. పెండింగ్ పెళ్లిళ్లు దాని మీదే పూర్తి చెయ్యాలి. యూనికోడ్ (అన్ని మిషన్లకీ అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కాని తెలుగు ఫాంట్లు వాడిన శుభలేఖలు, ఫ్లెక్సీలు కూడా అంతే. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. డబ్బు కట్టకముందే మీ ఫైళ్లు నాలుగు పట్టుకెళ్లి, మ్యాక్ ఉన్నవాళ్ల దగ్గర తెరిచి చూడండి.

తమ్ముడు: అదే డబ్బుకి పీసీ కట్టించుకుంటే మేలు కదా అని కూడా అంటున్నారు.

అక్క: 2025 మధ్యలో అడిగి ఉంటే గట్టిగా అవుననేదాన్ని. 2025 చివరి నుంచి ర్యామ్, అంటే మెమరీ, ధరలు బాగా పెరిగాయి. మెమరీ తయారీదార్లు ఏఐ డేటా సెంటర్లకి మళ్లారు. మైక్రాన్ అయితే మనం కొనే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. అందుకని పాత కొటేషన్లు పట్టుకుని పోల్చొద్దు, ఈ వారం ధర అడగండి. పీసీలో ఏదైనా పోతే ఆ ఒక్క పార్టు ఊళ్లోనే మార్చుకోవచ్చు, ఆ బలం దానికి ఎప్పుడూ ఉంటుంది. మ్యాక్‌కి సర్వీస్ అంటే విశాఖకేసి చూడాలి. పీక్ సీజన్లో రెండో మిషన్ లేకపోతే చేతులు కట్టుకు కూర్చోవడమే. ఇంకోటి, వీడియో మాత్రమే చేసే చిన్న స్టూడియోకి మ్యాక్ మినీ ఎం4 ప్రో ఉంది, 24 జీబీతో 1,49,900కి వచ్చింది. రెండు కెమెరాల పెళ్లికి అది సరిపోతుంది. మిగిలిన 65 వేలు మానిటరుకి, డ్రైవులకి, యూపీఎస్‌కి పెట్టండి.

తమ్ముడు: యూపీఎస్ ఎంతది కావాలి?

అక్క: ఎం4 మ్యాక్స్ గట్టిగా పని చేసినా 150 వాట్ల లోపే లాగుతుంది. మానిటరుకి 50, డ్రైవులకి 20. 600 వీఏ యూపీఎస్ మోస్తుంది గానీ నిమిషాలే నిలబడుతుంది. ఎక్స్‌పోర్టు మధ్యలో పోకూడదంటే 1,000 వీఏ, అదీ ప్యూర్ సైన్‌వేవ్, అంటే లైను కరెంటులాగే నున్నటి అల ఇచ్చేది, తీసుకోండి. చదరపు అలల యూపీఎస్ మీద కొన్ని పవర్ సప్లైలు మారే క్షణంలో ఆగిపోతాయి. అంతకన్నా ముందు ఎర్తింగ్. మల్టీమీటర్ని ఏసీలో పెట్టి సాకెట్లో న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య కొలవండి. రెండు మూడు వోల్టుల లోపుంటే ఫర్లేదు. పదీ పదిహేనూ చూపిస్తే మిషన్ పెట్టె విప్పకుండా ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ గొయ్యి చూపించండి.