మెషిన్ మీద సున్నా, స్టీరింగ్‌లో వణుకు

శ్రోతలకు నమస్కారం.

కారుకి కొత్త అలాయ్ వీల్స్, కొత్త టైర్లు వేయించుకున్న మర్నాడు చాలామందికి ఒక కొత్త టెన్షన్ మొదలవుతుంది. వీధుల్లో తిరిగినంతసేపూ బండి బాగానే ఉంటుంది. హైవే ఎక్కి 80 దాటాక స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. 100 దగ్గర ఆ వణుకు మోచేతుల దాకా పాకుతుంది. ఇంకాస్త వేగం పెంచితే విచిత్రంగా తగ్గుతుంది కూడా. ఇంటికొచ్చి నాలుగు చక్రాల చుట్టూ తిరిగి చూస్తే అన్నీ తళతళా మెరుస్తుంటాయి. ఎక్కడా లోపం కనపడదు.

నాకూ ఇదే జరిగింది. చక్రాలు వేసిన షాపుకే తీసుకెళ్లాను. బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా సరిచేయడం, మళ్లీ చేశారు. మెషిన్ మీద లోపలి వైపు సున్నా, బయటి వైపు సున్నా. "చూడండి సార్, పర్ఫెక్ట్" అన్నాడు అక్కడి కుర్రాడు. మళ్లీ హైవే, మళ్లీ వణుకు. అలా మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి "అలైన్‌మెంట్ చేయిద్దాం సార్" అన్నారు. సరే అన్నాను. అదీ అయింది. వణుకు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అలైన్‌మెంట్ తేడా వస్తే బండి ఒక పక్కకి లాగుతుంది, తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది, టైరు ఒక అంచున అరిగిపోతుంది. అది చక్రం చూసే దిశకు సంబంధించిన సంగతి. వణుకు చక్రం తిరిగే తీరుకు సంబంధించినది. అలైన్‌మెంట్ చేయించడం దండగని నేననను. ఈ జబ్బుకి మాత్రం అది మందు కాదు.

చివరికి ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు, జాకీ కూడా పెట్టలేదు. ముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు. "స్టీరింగ్‌లోనా సార్, సీట్లోనా?" స్టీరింగ్‌లో. "బ్రేకు వేసినప్పుడా, మామూలుగానా?" మామూలుగానే. "ఎంత స్పీడుకి మొదలవుతుంది, ఎంతకి తగ్గుతుంది?" చెప్పాను. "పాత చక్రాలు ఉన్నాయా, అమ్మేశారా?" ఉన్నాయి. "అయితే సగం పని అయిపోయినట్టే" అన్నాడు.

ఆ ప్రశ్నలు ఆయన ఎందుకు అడిగాడో తర్వాత ఒక్కొక్కటే అర్థమైంది. వణుకు చేతుల్లో తెలిస్తే ఎక్కువగా ముందు చక్రాలది, సీట్లోనూ కాళ్ల కిందా తెలిస్తే వెనక చక్రాలది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తే డిస్కుల వైపు చూడాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే పోతే, ఇంజిన్ శక్తిని చక్రాలకి అందించే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లను అనుమానించాలి. 30, 40 వేగంలోనే స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతుంటే బ్యాలెన్సింగ్ సంగతి పక్కన పెట్టి రిమ్ వంగిందేమో, టైరు గుండ్రంగా లేదేమో చూడాలి. ఇంజిన్ ఏ గేరులో ఉన్నా, ఎంత తిరుగుతున్నా తేడా లేకుండా కేవలం బండి వేగాన్ని బట్టే వణుకు వస్తోందంటే దోషం చక్రాల్లోనో, వాటిని బిగించిన చోటో ఉన్నట్టు.

అయితే 80 నుంచి 110 మధ్యే ఎందుకు? మామూలు కారు టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకి 14 సార్లు తిరుగుతుంది. ముందు చక్రం, సస్పెన్షన్, స్టీరింగ్ కడ్డీలు, ఈ మొత్తానికి ఉయ్యాలకి ఉన్నట్టే సొంత ఊపు ఒకటి ఉంటుంది. అది కూడా ఇంచుమించు సెకనుకి 10 నుంచి 15 సార్ల దగ్గరే. ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ వేలితో నెట్టినా చాలు, కాసేపటికి పైకి లేచిపోతుంది కదా. చక్రంలోని చిన్న దోషం 100 దగ్గర చేసేది అదే పని. వేగం దాటిపోతే ఆ జోడీ చెడిపోతుంది కాబట్టి వణుకు తగ్గినట్టుంటుంది. తగ్గింది కదా అని 120లో నడపడం పరిష్కారం కాదు. లోపల తోపు ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

ఆ తోపు ఎంతో ఒక లెక్క చూద్దాం. రిమ్ అంచున, ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, 10 గ్రాముల బరువు ఎక్కువ ఉందనుకోండి. 100 వేగంలో అది బయటికి లాగే బలం సుమారు కిలోన్నర బరువుతో సమానం. వేగం సగానికి తగ్గితే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. వీధుల్లో ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే. ఆ 10 గ్రాములని సరిచేయడానికే రిమ్‌కి ఎదురు వైపు సీసపు ముక్కో, ఇనుప ముక్కో అంటిస్తారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది. టైరుతో కలిపి చక్రం 20 కిలోలు ఉందనుకుందాం. దాన్ని బండికి బిగించినప్పుడు నడిమధ్యకి కాకుండా అర మిల్లీమీటరు పక్కకి కూర్చుంది. అర మిల్లీమీటరంటే కంటికి ఆనదు. కానీ అప్పుడు పక్కకి జరిగింది 20 కిలోల బరువు. లెక్క కడితే ఆ అర మిల్లీమీటరు రిమ్ మీద 50 గ్రాముల తేడాతో సమానం! ఈ తేడా బ్యాలెన్సింగ్ మెషిన్‌కి ఎప్పటికీ కనపడదు. మెషిన్ చక్రాన్ని తన సొంత ఇరుసు మీద, తన కోనుతో నడిమధ్యకి తెచ్చి పట్టుకుంటుంది. అక్కడ సున్నా వచ్చిందంటే ఆ చక్రం ఆ మెషిన్ మీద బాగుందని మాత్రమే అర్థం. మీ బండి హబ్ మీద, అంటే చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగం మీద, ఎలా కూర్చుందో దానికి తెలియదు. మూడుసార్లు నాకు సున్నా చూపించిన ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు, పాపం.

మెకానిక్ ముందు చక్రం విప్పి వెనక్కి తిప్పి చూపించాడు. నడిమి రంధ్రాన్ని కొలిస్తే 73.1 మిల్లీమీటర్లు. మా బండి హబ్ మీద ముందుకి పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం 54.1. మధ్యలో చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ. తన చెవి మీదున్న పెన్సిల్ తీసి ఆ సందులో పెట్టి తిప్పాడు. హాయిగా తిరిగింది. కంపెనీ చక్రమైతే ఆ రెండూ దాదాపు పట్టేసినట్టు కూర్చుంటాయి, చక్రం తోయగానే దానంతటదే మధ్యకి వస్తుంది. బయట కొనే అలాయ్‌లను రకరకాల బండ్లకి పట్టేలా పెద్ద రంధ్రంతో చేస్తారు. ఆ ఖాళీని పూడ్చడానికి హబ్ రింగులని ప్లాస్టిక్‌వో అల్యూమినియంవో ఉంటాయి. బయటి కొలత చక్రానికి, లోపలి కొలత హబ్‌కి సరిపోవాలి. నాకు అసలు వేయనే లేదు.

దీని మీద షాపుల్లో వాదన ఉంది. "నట్లే సెంటర్ చేస్తాయి, రింగులెందుకు" అంటారు. అందులో కొంత నిజముంది. నట్టు కింది భాగం గరాటులా ఏటవాలుగా ఉంటే బిగించేకొద్దీ చక్రాన్ని మధ్యకి లాగుతుంది. బండి బరువు మోసేది కూడా రింగు కాదు, నట్లు బిగించినప్పుడు చక్రానికీ హబ్‌కీ మధ్య పుట్టే పట్టు. రింగు పనల్లా బిగించేటప్పుడు చక్రాన్ని జారకుండా మధ్యలో నిలబెట్టడం. ఓపిగ్గా, పద్ధతిగా బిగించేవాడి చేతిలో రింగు లేకపోయినా నడిచిపోవచ్చు. కానీ మన చక్రాలు బిగించేది గాలి గన్ను. అది ఓపిక ఎరగదు. నన్నడిగితే రింగులు వేయించుకోమనే చెబుతాను.

బిగింపు గురించి కాస్త నిలబడి చెప్పుకోవాలి. ఒక నట్టుని గన్నుతో ఒకేసారి పూర్తిగా బిగించేస్తే చక్రం ఆ పక్కకి వాలి అక్కడే బిగుసుకుంటుంది, మిగతా నట్లు ఎంత బిగించినా మధ్యకి రాదు. బండి బరువు నేల మీద ఉండగా బిగించినా అంతే. అందుకే చక్రం గాల్లో ఉండగా అన్ని నట్లూ ముందు చేత్తో తిప్పాలి. తర్వాత పానాతో ఎదురెదురు నట్లు పట్టుకుంటూ కొంచెం కొంచెంగా బిగించాలి. ఐదు నట్లుంటే నక్షత్రం గీసినట్టు. చక్రం నేలకి తాకాక చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో. చిన్న, మధ్యరకం కార్లకి ఎక్కువగా 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకోండి. కొత్త అలాయ్‌లు వేశాక 50, 100 కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి రెంచ్ పెట్టాలి. అతిగా బిగించినా ముప్పే. డిస్కు కొద్దిగా వంగి, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ అదురుతుంది.

నట్టు ఆకారం కూడా చూడాలి. ఏటవాలు నట్లు, బంతిలా గుండ్రటి అడుగు ఉన్నవి, అడుగున బల్లపరుపు వాషర్ ఉన్నవి, ఇలా రకాలున్నాయి. పాత నట్లే కొత్త చక్రానికి వాడేస్తే అడుగు ఆకారం చక్రంలోని గుంటతో కలవకపోవచ్చు. నట్టు తీసి గుంటలో చూడండి. మెరుపు చుట్టూ సమానంగా పడితే మంచిది. ఒక పక్కే గీసుకుపోయి ఉంటే అక్కడ పట్టు లేదని అర్థం. ఇది వణుకుతో ఆగేది కాదు, చక్రం ఊడిపోయే సంగతి. బోల్టులన్నీ ఉండే వలయం వ్యాసం కూడా అంతే. 5 బోల్టుల చక్రాల్లో 112, 114.3 మిల్లీమీటర్లని రెండు కొలతలు బాగా వాడుకలో ఉన్నాయి. తేడా రెండు మిల్లీమీటర్ల పైచిలుకే కదా అని బలవంతంగా ఎక్కించేవాళ్లున్నారు. అలాంటి చక్రం మీద ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

ఇక హబ్ ముఖం. అక్కడ తుప్పు పొక్కులో, మట్టి పెచ్చో ఉంటే చక్రం దాని మీద ఎక్కి కూర్చుంటుంది. హబ్ దగ్గర వెంట్రుకంత ఎత్తు టైరు దగ్గరికొచ్చేసరికి నాలుగింతలవుతుంది. వైర్ బ్రష్‌తో గీకి తుడవడానికి ఐదు నిమిషాలు చాలు. కొన్ని బండ్లలో డిస్కుని పట్టి ఉంచడానికి ఫ్యాక్టరీలో బోల్టులకి వేసిన పల్చటి క్లిప్పులు అలాగే మిగిలిపోతాయి. కంపెనీ చక్రంలో వాటికి చోటుంటుంది, కొత్త దాంట్లో ఉండకపోవచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వణుకు పోకపోతే అప్పుడు చక్రాన్నే విచారించాలి. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. వణుకు చేతుల్లోంచి సీట్లోకి మారితే దొంగ దొరికినట్టే. అంతకంటే మంచి పరీక్ష పాత చక్రాలు తిరిగి వేసి ఒకసారి హైవే ఎక్కడం. అప్పుడు బండి నున్నగా వెళితే లోపం కొత్త సెట్‌లోనో, దాని బిగింపులోనో ఉంది. అయినా వణికితే బేరింగులు, బాల్ జాయింట్లు, బుష్‌లు చూడాలి. బరువైన చక్రం, బయటికి జరిగిన చక్రం ఎప్పటి నుంచో ఉన్న చిన్న లూజుని ఒక్కసారిగా బయటపెడతాయి. అందుకే కొత్తవి నచ్చాయని పాతవాటిని ఆ రోజే అమ్మేయకండి.

జాకీ మీద లేపి, తప్పకుండా స్టాండ్ పెట్టి, చక్రం పక్కన పెన్సిల్ కదలకుండా పట్టుకుని తిప్పితే చాలా కనపడుతుంది. రిమ్ అంచు పెన్సిల్‌కి దగ్గరై దూరమవుతుంటే రిమ్ వంగింది. రిమ్ నిలకడగా ఉండి టైరే పైకీ కిందికీ లేస్తుంటే టైరు సరిగా కూర్చోలేదు. రిమ్‌కి ఆనుకుని టైరు చుట్టూ ఒక సన్నటి గీత ఉంటుంది. రిమ్ నుంచి దాని దూరం అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట లోపలికి దిగిపోతే గాలి తీసేసి, అంచుకి సబ్బు నీళ్లు రాసి మళ్లీ ఎక్కించాలి. టైరు గోడ ఎక్కడైనా ఉబ్బి కనిపిస్తే మాత్రం పరీక్షలన్నీ ఆపేసి ఆ టైరు మార్చేయండి.

నా కథ ముగించేస్తాను. నాలుగు చక్రాలకీ రింగులు వేసి, హబ్‌లు గీకి, చేత్తో బిగించాక 100 దగ్గర వణుకు ముప్పావు వంతు పోయింది. కానీ ఇంకా సన్నగా మిగిలింది. టైర్లు ఎక్కించిన రోజే నేను వాల్వుకి ఎదురుగా టైరు మీద సుద్దతో ఒక గీత గీశాను, ఎందుకు గీశానో అప్పుడు నాకే సరిగా తెలియదు. ఎక్కించేటప్పుడు రాసిన జారుడు పదార్థం ఆరకముందే గట్టిగా బ్రేకులు వేస్తే టైరు రిమ్ మీద జరగొచ్చని ఎవరో చెప్పగా విన్నానంతే. మెకానిక్ వంగి చూశాడు. మూడు చక్రాల మీద గీత వాల్వుకి ఎదురుగానే ఉంది. ముందు ఎడమ చక్రం మీద రెండు అంగుళాలు పక్కకి జరిగింది. ఆ ఒక్క చక్రానికి మళ్లీ బ్యాలెన్సింగ్ చేస్తే మెషిన్ ఈసారి సున్నా చూపించలేదు, 25 గ్రాములు అడిగింది.

సెలవు, నమస్కారం.