రసీదు పుస్తకం రాసేవాళ్లను పిలవండి

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో చిన్న స్వచ్ఛంద సంస్థల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రాబోయే ఏడాది చిన్న సంస్థలకు శిక్షణ తరగతులు ఎలా పెట్టాలో మాట్లాడుకుందామని ఇక్కడ కూర్చున్నాం. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. శిక్షణ ఆ సంస్థ కాగితాలతోనే మొదలవ్వాలి. వాళ్ల రసీదు పుస్తకం, సమావేశాల తీర్మానాలు రాసుకునే మినిట్స్ బుక్, బ్యాంకు పాస్‌బుక్ బల్ల మీదికి రావాలి. వాటిని రాసే మనిషి ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. ఈ రెండూ లేకుండా ఎంత ఖర్చుపెట్టి తరగతులు నడిపినా ఆ డబ్బు దండగే అని నా గట్టి నమ్మకం.

నలుగురు కలిసి ఒక మంచి పని తలపెట్టడం ఈ ఊరికి కొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన రోజులవి. ఆ గ్రంథాలయం సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. భాగ్యరెడ్డి వర్మ గారు 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. హరికథలతో జనాన్ని కూడగట్టి, దళిత పిల్లల కోసం ఇదే ఊళ్లో బడులు నడిపారు. వాళ్లెవరికీ ఎవరూ శిక్షణ ఇవ్వలేదు కదా అని కొందరు అంటుంటారు. నిజమే. కానీ వాళ్లకు పాన్ నంబరు అక్కర్లేదు, యూపీఐ లేదు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయాల్సిన ఫారాలు లేవు. ఈరోజు బోరబండలో పదిమంది కుర్రాళ్లు కలిసి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ మొదలుపెడితే, మూడో ఏటికల్లా వాళ్ల నెత్తిన పడే కాగితం పని ఒక చిన్న కంపెనీకి ఉన్నంత ఉంటుంది. కంపెనీకి జీతమిచ్చి పెట్టుకున్న అకౌంటెంట్ ఉంటాడు. వీళ్లకు డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి ఉంటుంది.

ఆ అమ్మాయి గురించే నా మాటంతా.

ఇప్పుడు జరుగుతున్న తరగతులు ఎలా ఉంటున్నాయో మీకు తెలుసు. సోమాజిగూడలోనో బేగంపేటలోనో హోటల్ హాలు. పొద్దున రిజిస్ట్రేషన్, ఒక సంచీ, ఒక పెన్ను. తెర మీద ఇంగ్లిష్‌లో స్లైడ్లు: లాగ్‌ఫ్రేమ్, ఇంపాక్ట్, స్ట్రాటజీ. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో. వచ్చేది సంస్థ అధ్యక్షుడో కార్యదర్శో. లెక్కలు రాసే అమ్మాయి రాదు. ఆమెకు ఆహ్వానమే అందదు, అందినా వారం మధ్యలో కాలేజీ మానలేదు. చెప్పేవాళ్లు మంచివాళ్లే, విషయం తెలిసినవాళ్లే. కానీ ఇది గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పడమే. అధ్యక్షుడు గారు ఇంటికి వెళ్లి ఫైలు అటక మీద పెడతారు, రసీదులు ఎప్పటిలాగే నడుస్తాయి.

రసీదులంటే గుర్తొచ్చింది. మొన్నొక తరగతిలో ఇలాంటి అమ్మాయి ఒకరు తన రసీదు పుస్తకం తెరిచి ముందు పెట్టింది. కార్బన్ పెట్టి, చక్కటి గుండ్రటి అక్షరాలతో రాసింది. ఒక కౌంటర్‌ఫాయిల్ మీద, అంటే పుస్తకంలో మిగిలే నకలు మీద, ఇలా ఉంది: "శ్రేయోభిలాషి, రూ. 5,000, నగదు." తేదీ ఉంది, సంతకం ఉంది. ఇచ్చినాయన వాళ్ల బస్తీ మలుపులో టిఫిన్ సెంటర్ నడుపుతాడట, పేరు బయటికి రావద్దన్నాడట. పిల్ల ఆయన మాట నిలబెట్టింది. అందులో ఆమె తప్పేముంది? కానీ ఆ ఒక్క రసీదు చుట్టూ మేము గంటసేపు మాట్లాడుకున్నాం.

ఆ సంస్థకు 80జి ఉంది, అంటే దాతకు పన్ను మినహాయింపు వచ్చేలా ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే అనుమతి. అయినా ఆయనకు ఆ ఐదు వేల మీద పన్ను మినహాయింపు రాదు, ఎందుకంటే రెండు వేలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. ఆ మాట ముందే చెప్పుంటే ఆయన చెక్కో యూపీఐయో ఇచ్చేవాడు. ఇక రెండోది. ఇచ్చినవారి పేరూ చిరునామా సంస్థ దగ్గర లేకపోతే ఆ డబ్బు అజ్ఞాత విరాళం కింద లెక్క. సేవా సంస్థకు అలాంటివి లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా ఫర్వాలేదు. ఆపైన వచ్చినదాని మీద 30 శాతం పన్ను. ఐదు వేలకు అంత భయం లేదు గానీ, శ్రేయోభిలాషులు పెరిగే కొద్దీ భయం మొదలవుతుంది. మూడోది, పాన్, ఆధార్ లాంటి గుర్తింపు నంబరు ఏదీ తీసుకోలేదు కాబట్టి ఏడాది చివర దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపేటప్పుడు ఈయన పేరు ఎక్కించడం కుదరదు.

అప్పుడా అమ్మాయి అడిగింది: "మరి పేరు చెప్పొద్దన్నారు కదండీ?" బంగారం లాంటి ప్రశ్న. పేరు రసీదులో ఉండాలి, రిజిస్టర్‌లో ఉండాలి. ఫేస్‌బుక్‌లో, వార్షికోత్సవం ఫ్లెక్సీ మీద ఉండక్కర్లేదు. ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక చిన్న సంస్థలు మొహమాటంతో నష్టపోతున్నాయి. మరుసటి రోజే ఆమె టిఫిన్ సెంటర్‌కు వెళ్లి ఆయన పూర్తి పేరు, పాన్ రాయించుకొచ్చింది. ఇంగ్లిష్ స్లైడుతో ఈ పని జరిగేది కాదు.

రసీదు తర్వాత క్యూఆర్ కోడ్. ఇది ఊరంతా ఉన్న జబ్బు. రక్తదానం గ్రూపులు, అన్నదానం గ్రూపులు, ఆసుపత్రి ఖర్చులకు వాట్సాప్‌లో చందాలు పోగుచేసే గ్రూపులు, చాలామంది ఒకరి సొంత ఫోన్ నంబరుకే డబ్బు వేయించుకుంటారు. ఆ ఒకరు నిప్పులాంటి మనిషే కావచ్చు. కానీ ఆయన జీతం, ఇంటి అద్దె, కిరాణా, జనం ఇచ్చిన చందా ఒకే ఖాతాలో కలిసిపోతాయి. రేపు ఎవరైనా లెక్క అడిగితే విడదీసి చూపించలేక తలవంచుకోవాల్సి వస్తుంది. నిజాయితీపరుణ్ని అంత ఇబ్బందిలో పెట్టే హక్కు మనకెక్కడిది? సంస్థ పేరు మీద పాన్ తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, నిబంధనావళి, కార్యవర్గ తీర్మానం పట్టుకుని బ్యాంకుకు వెళ్లాలి. శిక్షణలో ఒక పూట దీనికే కేటాయించినా తక్కువే.

తీర్మానం రాయడం కూడా చేత్తో రాయించే నేర్పాలి. కోశాధికారికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు కావాలి. బ్యాంకులో తీర్మానం అడుగుతారు. వీళ్ల దగ్గర మినిట్స్ బుక్కే ఉండదు. ఖాతాలో డబ్బుండి కూడా పిల్లల నోటుపుస్తకాలకు చెక్కు రాయలేక తిప్పలు పడతారు. "ఫలానా తేదీన ఫలానా చోట సమావేశమైన కార్యవర్గం, హాజరైనవారు వీరు, పాత కోశాధికారి రాజీనామా ఆమోదించి, ఇకపై ఖాతా నిర్వహణకు వీరిద్దరికి అధికారమిస్తూ తీర్మానించింది." నాలుగు వరుసలు. ఒకసారి తమ చేత్తో రాస్తే ఇక మరిచిపోరు. మన దగ్గర సంఘం రిజిస్టర్ చేయడానికి ఏడుగురు చాలు, 2001 నాటి సొసైటీల చట్టం అంత తేలిక చేసింది. అదే చట్టం ప్రకారం ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలన్న సంగతి మాత్రం ఆ ఏడుగురిలో ఎంతమందికి తెలుసు? ఇవ్వకపోతే, రేపు కార్యవర్గంలో తగాదా వచ్చిన రోజున ఎవరు అధ్యక్షులో రుజువు చేసే కాగితమే ఉండదు.

పన్ను గడువుల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 2021లో పాత సంస్థలు చాలావరకు 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్), 80జి మళ్లీ తీసుకున్నాయి, ఐదేళ్లకు. ఆ గడువు 2026 మార్చి 31. దానికి ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబరు 30 లోపే, పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకోవాలన్న సంగతి కొందరికి ఆ తేదీ దాటాక గానీ తెలియలేదు. 12ఎ విషయంలో తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు చట్టంలో ఉంది, కానీ ఆ టెన్షన్ ఎందుకు? చిన్న సంస్థలకు ఒక మేలు కూడా జరిగింది. గత రెండేళ్లలో ఏ ఏడూ ఆదాయం ఐదు కోట్లు దాటని సంస్థలకు 2025 ఏప్రిల్ నుంచి పదేళ్లకు 12ఎ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. ఇంత మంచి మార్పు గురించి బస్తీల్లో ఎవరూ చెప్పలేదు.

ఇందులో శిక్షకులకు ఒక విన్నపం. ఫారం నంబర్లు, సెక్షన్ నంబర్లు బట్టీ పట్టించకండి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. పని ఏమిటో నేర్పండి. దాత ఎవరు, ఎంత ఇచ్చాడు, ఎలా ఇచ్చాడు అన్నది ప్రభుత్వానికి ఏటా తెలియజేయాలి, దాతకు సర్టిఫికెట్ ఇవ్వాలి. పాత చట్టం కింద దానికి మే 31 గడువు, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. నెల దాటితే ఆరు వేలు. బస్తీ ట్యూషన్ సెంటర్‌కు ఆరు వేలంటే పంతులమ్మ గౌరవ వేతనం. పని అర్థమైన మనిషి నంబరు మారినా ఎవరినో అడిగి చేసుకుంటుంది. నంబరు మాత్రమే తెలిసిన మనిషి ఆగిపోతుంది.

ఇప్పుడు లెక్కల కంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. పిల్లలతో పనిచేసే సంస్థలు మనలో ఎక్కువ. ఆదివారం వలంటీర్లు వస్తారు, పాఠం చెబుతారు, సెల్ఫీలు దిగుతారు, వెళ్తారు. వచ్చినవాళ్లెవరో రిజిస్టర్‌లో రాస్తున్నామా? ఒక పెద్దమనిషి ఒక పిల్లతో గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం గోడ మీద ఉందా? పోక్సో చట్టం 2012లో వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టం అంటుంది. చెప్పకపోవడమే నేరం. "సంస్థ పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం" అనే మాట మన సమావేశాల్లో వినపడకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి వలంటీర్‌కూ నోటికి రావాలి. శిక్షణలో ఈ భాగాన్ని భోజనం తర్వాత నిద్రమత్తు వేళకు నెట్టేస్తున్నారు. పొద్దున అందరూ తేరుకుని ఉన్నప్పుడే పెట్టండి. ఒక పాప వచ్చి చెప్తే మొదటి మాట ఏం అనాలి, ఏం అనకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది చేయించి చూపించండి. వినడం వేరు, ఆ మాట నోటితో పలకడం వేరు. మొదటిసారి పలికేటప్పుడు పెద్దవాళ్ల గొంతు కూడా వణుకుతుంది. ఆ వణుకు తరగతిలోనే తీరిపోవాలి.

కంపెనీల నుంచి వచ్చిన మిత్రులకు ఒక మాట. చట్టప్రకారం మీరు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెడుతున్నారు, సంతోషం. ప్రాజెక్టుకు ఇస్తారు, కంప్యూటర్లకు ఇస్తారు. ఆ ప్రాజెక్టు లెక్క రాసే మనిషికి నేర్పడానికి ఇవ్వరు. చివర్లో యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే మీ డబ్బు దేనికి ఖర్చయిందో చూపే కాగితం, సరిగా లేదని కోప్పడతారు. ఎంతమంది హాజరయ్యారని అడగడం మానేసి, ఆరు నెలల తర్వాత ఎన్ని సంస్థల పుస్తకాలు సరిగా ఉన్నాయని అడగండి. మీరు అడిగే ప్రశ్న మారితే తరగతులు వాటంతటవే మారతాయి.

నా ప్రతిపాదన ఇది. హోటల్ వద్దు. కమ్యూనిటీ హాలు చాలు, మెట్రో స్టేషన్‌కు దగ్గరగా ఉంటే మేలు. ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ నెల తర్వాత ఇంకో ఆదివారం. మధ్యలో నెల రోజులు ఇంటి పని: ఖాతా తెరవాలి, తీర్మానం రాయాలి, దాతల రిజిస్టర్ మొదలుపెట్టాలి. తెలుగులో ఒక బల్ల, ఉర్దూలో ఒక బల్ల. షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చేవాళ్లకు బస్సు చార్జీ ఇద్దాం, అడగకముందే ఇద్దాం. చంటిపిల్లలతో వచ్చే తల్లులకు ఒక గది. అధ్యక్షులు రావచ్చు, కానీ లెక్కలు రాసేవాళ్లు లేకుండా ఒక్కరే రాకూడదు.

చెప్పేవాళ్లు ఎవరంటారా? ఈ హాల్లోనే ఉన్నారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసినవాళ్లు, సీఏ చదువుతున్న పిల్లలు. ఈ ఊరికి పెన్షన్ తీసుకునే అనుభవజ్ఞులకు కొదవ లేదు. ఒక్కొక్కరికి రెండు సంస్థలకు మించి అప్పగించం. పాఠం చెప్పక్కర్లేదు, పక్కన కూర్చుని పుస్తకం చూడాలి, ఆర్నెల్ల పాటు ఫోన్ ఎత్తాలి. మీలో ఎవరు చేయగలరో టీ వేళలో నా దగ్గర పేరు రాయించండి. ఉర్దూలో రాయగలిగినవాళ్లు ఉంటే ముందు మీరు రండి, పాతబస్తీ నుంచి అడిగిన సంస్థలకు ఇంకా ఎవరూ దొరకలేదు.