జాగిలం ఆగిన చోట

సభకు నమస్కారం.

హత్య జరిగిన ఇంటి నుంచి బయలుదేరిన పోలీసు జాగిలం ఫలానా వీధి చివరిదాకా వెళ్లి ఆగిపోయిందనే వాక్యం మన దినపత్రికల్లో తరచూ కనిపిస్తుంది. అది అక్కడ ఎందుకు ఆగిందో మాత్రం మర్నాటి పత్రిక చెప్పదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2001లో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, జాగిలం జాడ తీయడం దర్యాప్తుకు పనికిరావచ్చు గానీ సాక్ష్యంగా బలహీనమైనదని అభిప్రాయపడింది. కుక్కను బోనెక్కించి అడ్డుప్రశ్నలు వేయలేం కదా! వాసనకు అడ్డుప్రశ్న వేయడం ఎలాగన్నదే నేటి నా విషయం.

అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చంకల్లోని గ్రంథులు స్రవించే పదార్థాలను చర్మం మీది బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు, తేలికగా ఆవిరయ్యే ఆమ్లాలు, గంధకం కలిసిన ఆల్కహాళ్లు పుడతాయి. ఆ వాసనలో కొంత వాటా జన్యువులది, కొంత బ్యాక్టీరియాది, కొంత నిన్న తిన్న వెల్లుల్లిది. అందులోని ఏ అణువూ ఒక్క మనిషికే సొంతం కాదు. బాస్మతి అన్నానికి పరిమళాన్నిచ్చే 2-అసిటైల్-1-పైరోలిన్, పులి తన హద్దులు చాటుకోవడానికి చిమ్మే ద్రవంలోనూ ఉందని మన దేశపు శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి, ఆయన సహచరులు గుర్తించారు. ఆ ఒక్క అణువునే నమ్ముకుంటే వంటిల్లేదో అడవేదో తేల్చుకోలేం. గుర్తింపు దాగి ఉన్నది పదార్థాల పాళ్లలో.

ఆ పాళ్లను కుక్క ముక్కు క్షణంలో పట్టేస్తుంది. చిక్కంతా దాని వెంట ఉన్న మనిషితోనే. నెదర్లాండ్స్‌లో నేరస్థలంలో దొరికిన వస్తువు వాసన చూపించి, వరుసగా పేర్చిన స్టీలు గొట్టాల్లో నిందితుడు పట్టుకున్నది ఏదో కుక్క చేత ఎంపిక చేయించి, ఆ ఫలితాన్ని కోర్టులో పెట్టేవారు. ఆ గొట్టం ఏ స్థానంలో ఉందో కుక్కను నడిపించే అధికారికి తెలియకూడదన్నది నియమం. చాలా పరీక్షల్లో వారికి అది ముందే తెలుసునని 2006లో బయటపడింది. గొలుసు పట్టిన చేయి కాస్త తడబడినా కుక్కకు అదే సైగ.

దీనికి పూర్తిగా భిన్నమైన పరీక్ష స్కాట్లండ్‌లో జరిగింది. జాయ్ మిల్న్ అనే విశ్రాంత నర్సు, తన భర్త ఒంటి వాసన మారిన ఎన్నో ఏళ్లకు ఆయనకు పార్కిన్సన్స్ అనే వణుకుడు వ్యాధి ఉన్నట్టు తేలిందని చెప్పినప్పుడు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన టిలో కునాథ్ ఆమెకు 12 టీషర్టులు ఇచ్చారు. ఆరు రోగులవి, ఆరు ఆరోగ్యవంతులవి. ఏది ఎవరిదో ఆమెకు తెలియదు. రోగులందరినీ ఆమె సరిగానే చెప్పారు, ఆరోగ్యవంతుల్లో ఒకరిని మాత్రం రోగి అన్నారు. దాన్ని తప్పుగానే లెక్కవేశారు. కొన్ని నెలలకు ఆ వ్యక్తికీ అదే వ్యాధి ఉన్నట్టు తేలింది.

అయినా అది ఒకే ఒక్క ముక్కు. అందుకే మాంచెస్టర్‌లో పెర్డిటా బారన్ బృందం రోగుల వీపు పైభాగం నుంచి తీసిన జిడ్డును గ్యాస్ క్రొమటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపింది. సన్నని, పొడవాటి గొట్టంలో వాయువుతో పాటు సాగే అణువులు వేర్వేరు వేళల్లో బయటికి వస్తాయి. వాటిని ముక్కలు చేసి, ఆ ముక్కల ద్రవ్యరాశిని బట్టి అవేమిటో యంత్రం పోల్చుకుంటుంది. ఆ ప్రవాహంలో ఒక పాయను యంత్రానికి, మరో పాయను జాయ్ ముక్కు దగ్గరికి మళ్లించారు. ఆమె "ఇదే" అన్న వేళకు గొట్టం నుంచి ఏవి వెలువడుతున్నాయో సరిపోల్చారు. రోగుల జిడ్డులో ఐకోసేన్, హిప్యూరిక్ ఆమ్లం, ఆక్టాడెకనల్ అనే పదార్థాలు పెరగడం, పెరిల్లిక్ ఆల్డిహైడ్ తగ్గడం 2019లో ప్రచురితమయ్యాయి. ఆ పాళ్లను ఇప్పుడు ఏ ప్రయోగశాలైనా సరిచూడవచ్చు, కాదనవచ్చు.