తెర పడ్డాక జరిగిన క్రిస్మస్

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

డిసెంబరు వచ్చిందంటే పిల్లలు వేసే క్రిస్మస్ నాటకం మనమంతా చూస్తాం. గబ్రియేలు దూత వస్తాడు, మరియ తల వంచుతుంది, సత్రంలో చోటు లేదంటారు, గొల్లలు పరుగెత్తుకొస్తారు. చివర్లో జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చి మోకరిస్తారు. అందరూ కలిసి పాట అందుకుంటారు, తెర పడుతుంది. ఇక చప్పట్లు, ఫొటోలు, గిఫ్టులు.

ఆ నాటకమంటే నాకు చాలా ఇష్టం. అయితే మత్తయి సువార్త రెండో అధ్యాయంలో కథ అక్కడితో ఆగదు. జ్ఞానులు వెళ్లగానే, హేరోదు రాజు బిడ్డను చంపాలని చూస్తున్నాడని యోసేపుకు కలలో హెచ్చరిక వస్తుంది. ఆ రాత్రికి రాత్రే బిడ్డనూ తల్లినీ వెంటబెట్టుకుని ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు బయలుదేరతాడు. బేత్లెహేములో, చుట్టుపక్కల రెండేళ్లలోపు మగపిల్లలందరినీ హేరోదు చంపిస్తాడు. తన పిల్లల కోసం ఏడుస్తూ ఎవరు ఓదార్చినా ఊరట పొందని రాహేలును, ఇశ్రాయేలీయుల పూర్వికురాలైన ఆ తల్లిని, యిర్మీయా ప్రవక్త మాటల్లో మత్తయి అక్కడే గుర్తు చేస్తాడు. క్రిస్మస్ కథలో దూతల పాట ఎంత నిజమో ఆ తల్లుల ఏడుపూ అంతే నిజం. ఏటా మనం పాట దగ్గర తెర దించేస్తున్నాం.

ఈ నాటకం మొదట్లో ఇలా ఉండేది కాదు. 1223లో ఇటలీలోని గ్రేచ్చో అనే చిన్న ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి క్రిస్మస్ రాత్రి ఒక తొట్టి పెట్టించి, గడ్డి పరిపించి, ఎద్దునూ గాడిదనూ తెప్పించాడు. పసివాడైన యేసు పడిన ఇబ్బందిని, ఆ లేమిని కళ్లారా చూడాలన్నదే ఆయన కోరిక. ఇప్పుడు మనం ఆ తొట్టిని రంగు కాగితాలతో, లైట్లతో ఎంత అందంగా అలంకరిస్తామంటే, అది పశువులు మేత తినే తొట్టి అన్న సంగతే ఎవరికీ తట్టదు.

నాటకంలో ఎప్పుడూ కనబడని ఇంకో సన్నివేశం లూకా సువార్తలో ఉంది. నన్నడిగితే క్రిస్మస్ అర్థం అక్కడ బాగా తెలుస్తుంది. మగబిడ్డను కన్న తల్లి నలభై రోజుల తర్వాత శుద్ధి కోసం బలి అర్పించాలని ధర్మశాస్త్రం. లేవీయకాండం పన్నెండో అధ్యాయం ప్రకారం ఏడాది గొఱ్ఱెపిల్లను, దాంతోపాటు ఒక పక్షిని తేవాలి. గొఱ్ఱెపిల్లను తెచ్చే స్తోమత లేకపోతే రెండు గువ్వలో, రెండు పావురపు పిల్లలో తెచ్చినా చాలు. మరియ, యోసేపు యెరూషలేము దేవాలయానికి వచ్చినప్పుడు లూకా చెప్పేది ఆ పక్షుల గురించే. గొఱ్ఱెపిల్ల ఊసే లేదు.

ఒక్కసారి ఆ దృశ్యం ఊహించుకోండి. ఒకరి చేతుల్లో నలభై రోజుల పసికందు, ఇంకొకరి చేతుల్లో రెండు పక్షులు. పక్కనే గొఱ్ఱెపిల్లను తోలుకొచ్చినవాళ్లు కూడా ఉండి ఉండొచ్చు. వీళ్లు పేదవాళ్లని చూడగానే తెలిసిపోతుంది. ఆ చేతుల్లో ఉన్న బిడ్డే లోకరక్షకుడని మనం నమ్ముతున్నాం. ఆయన రాజుల ఇంట పుట్టి, పేదలకు సాయం పంపించి ఊరుకోలేదు. పేదల ఇంటి లెక్కల్లోకే వచ్చాడు.

325లో నీకయ పట్టణంలో సంఘ నాయకులు కూడిన మహాసభ రాసిన విశ్వాస ప్రమాణం యేసును నిజమైన దేవుడని చెప్పి, మన కోసం, మన రక్షణ కోసం దిగివచ్చి మనిషయ్యాడని ప్రకటించింది. వేదాంతం చదివినవాళ్లు దీని మీద ఎన్నో పుస్తకాలు రాశారు. నేనొక్క మాటే అంటాను. మనిషయ్యాడంటే ఆకలేస్తే ఏడ్చాడు, ఒకరు ఎత్తుకుంటే తప్ప కదల్లేకపోయాడు, చంపడానికి చూసేవాళ్లుంటే తల్లిదండ్రులు పరాయి దేశానికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ దేవుణ్ణే మనం ఆరాధిస్తున్నాం.

బైబిల్లో తేదీ లేదు కదా, డిసెంబరు 25 ఎందుకని కొందరు వాదిస్తారు. తేదీ లేని మాట నిజమే. రోములో 354 నాటి ఒక పట్టికలో ఆ తేదీ కనిపిస్తుంది. పాత క్యాలెండరు పాటించే ఆర్థడాక్స్ సంఘాలు నేటికీ జనవరి 7న చేసుకుంటాయి. ఈ వాదనతో మనకు ఒరిగేదేమీ లేదు, పుట్టినవాడు ముఖ్యం.

పండగ చేసుకోవద్దని నేను చెప్పడం లేదు. మహా సంతోషకరమైన సువార్తమానం అని దూతే చెప్పాక మనం ముఖాలు మాడ్చుకుని కూర్చోనక్కర్లేదు. కొత్త బట్టలు కట్టుకోండి, గొంతెత్తి పాడండి. కానీ ఆ సువార్తమానం మొదట ఎవరికి అందిందో చూడండి. రాత్రివేళ పొలంలో మందను కాస్తున్న గొల్లలకు. హేరోదు కోటకు ఆ కబురు జ్ఞానులు వచ్చి అడిగేదాకా చేరనే లేదు.

మన మధ్యే ఈ క్రిస్మస్‌ అంటే భయపడుతున్నవాళ్లున్నారు. ఈ ఏడాది బిడ్డను పోగొట్టుకున్న తల్లి, భర్త లేకుండా మొదటి పండగ గడపబోతున్న భార్య, ఉద్యోగం పోయి పిల్లలకు ఏం కొనాలో తెలియక టెన్షన్ పడుతున్న తండ్రి. అందరూ సంతోషంగా ఉంటే మేమొక్కళ్లమే ఏడుస్తూ ఎలా రావాలని వాళ్లు గుడికి రావడమే మానేస్తారు. వాళ్లకు మత్తయి రెండో అధ్యాయం ఎవరైనా చదివి వినిపించారా? వాళ్లు ఈ కథకు బయటివాళ్లు కారు. వాళ్ల కన్నీళ్లు ఇందులో ముందే ఉన్నాయి. యేసు వచ్చింది ఆ కన్నీళ్ల మధ్యకే.

కాబట్టి నాటకం వేయించేవాళ్లకు నాదో మనవి. ఈసారి జ్ఞానుల తర్వాత తెర దించకండి. ఐగుప్తు ప్రయాణం కూడా చూపించండి. పిల్లలకు అర్థం కాదేమోనని జంకకండి, వాళ్లు మనకంటే బాగా అర్థం చేసుకుంటారు. కేరల్స్‌కు వెళ్లే యువకులారా, లైట్లు వెలిగే ఇళ్లతోపాటు ఈ ఏడాది చావు చూసిన ఇళ్లకు కూడా వెళ్లండి. అక్కడ డ్రమ్ములు వద్దు. ఒక్క పాట నెమ్మదిగా పాడి, ప్రార్థన చేసి, కాసేపు కూర్చోండి. వాళ్లు మాట్లాడితే వినండి, మాట్లాడకపోయినా ఉండండి. ఆ కుటుంబాలు ఏవో మన పాస్టరు గారికి తెలుసు. కూటం అయ్యాక ఆయన దగ్గర ఆ పేర్లు రాసుకుని, ఏ ఇంటికి ఎవరు వెళ్లాలో ఇక్కడే అనుకుని బయలుదేరదాం.