జిల్లాలకు రంగు వేసేముందు చూసుకోవలసిన లెక్కలు

ఇప్పుడు తెర మీద ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పటం. 2011 జనాభా లెక్కలు తీసుకుని, జనం ఎక్కువున్న జిల్లాకు ముదురు రంగు, తక్కువున్న జిల్లాకు లేత రంగు వేశాము. అనంతపురం జిల్లా జనాభా సుమారు 40.8 లక్షలు, హైదరాబాద్ జిల్లా జనాభా సుమారు 39.4 లక్షలు కాబట్టి రెండింటికీ ఒకే రంగు పడింది. అయితే హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు మాత్రమే కాగా, అనంతపురం విస్తీర్ణం 19 వేల పైమాటే. అంకెల్లో పొరపాటేమీ లేకపోయినా, పటం చూసినవారికి జనమంతా అనంతపురంలోనే కిక్కిరిసి ఉన్నారనిపిస్తుంది. హైదరాబాద్ వెతికితే గాని కనబడదు.

అదే పటాన్ని జనసాంద్రత ప్రకారం మళ్లీ గీద్దాం. చదరపు కిలోమీటరుకు హైదరాబాద్‌లో 18 వేల మందికి పైగా ఉంటే, అనంతపురంలో 213 మంది ఉన్నారు. ఇటువంటి రంగుల పటాలను కోరోప్లెత్ పటాలంటారు. 1826లో ఫ్రాన్స్‌లో విద్య ఎక్కడ ఎంత వ్యాపించిందో నలుపు ఛాయలతో చూపిన షార్ల్ ద్యూపాన్ పటాన్ని వీటిలో మొదటిదిగా చెబుతారు. శాతాలు, సాంద్రతలు, తలసరి అంకెలు చూపడానికి ఇవి సరిపోతాయి గాని, మొత్తం సంఖ్యలకు పనికిరావు. ఈ ఒక్క సంగతి పట్టించుకోకుండా తయారైన పటాలు వార్తల్లో తరచూ కనిపిస్తూనే ఉంటాయి.

మొత్తం సంఖ్యలను చూపాలంటే ప్రతి జిల్లా మీద ఒక వృత్తం గీయడం మేలు. జనాభా రెట్టింపైతే వృత్తం వైశాల్యం రెట్టింపు కావాలి; వ్యాసాన్ని రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలై, ఉన్నదాని కంటే చాలా పెద్ద తేడా కనబడుతుంది.

రంగుల పటంలో మరో చిక్కు, తరగతులను ఎక్కడ విడదీయాలన్నది. అదే జనాభా లెక్కల్లో అక్షరాస్యత మహబూబ్‌నగర్‌లో 55.04 శాతం, కర్నూలులో 59.97 శాతం, ఆదిలాబాద్‌లో 61.01 శాతం. గీతను సరిగ్గా 60 దగ్గర గీస్తే, దాదాపు ఐదు శాతం తేడా ఉన్న మహబూబ్‌నగర్, కర్నూలు ఒకే రంగులో కలిసిపోతాయి. ఒక్క శాతం తేడా ఉన్న కర్నూలు, ఆదిలాబాద్ మాత్రం వేర్వేరు రంగుల్లోకి వెళతాయి. గీతను 58కి జరిపితే కర్నూలు ఆదిలాబాద్ పక్కన చేరుతుంది. అక్షరాస్యత మారలేదు, మారింది గీత మాత్రమే. అందుకే పటం మూలన ఉండే రంగుల సూచికను చదవకుండా ఏ జిల్లా వెనుకబడిందో తేల్చకూడదు.

చుక్కల పటానికి ప్రసిద్ధమైన ఉదాహరణ, 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా మరణాలను ఇంటింటికీ గుర్తించిన జాన్ స్నో పటం. బ్రాడ్ వీధి నీటి పంపు చుట్టూ మరణాలు గుమిగూడి ఉండడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ప్రతి గుర్తుకూ ఒక చిరునామా ఉంది. జిల్లా మొత్తం సంఖ్య ఒక్కటే చేతిలో ఉంచుకుని చుక్కలను సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే, అది వాటిని తోచినచోట వెదజల్లుతుంది. అప్పుడు నల్లమల అడవిలోనూ ఊళ్లు వెలుస్తాయి.

వర్షపాతానికి జిల్లా సరిహద్దులతో పనిలేదు కాబట్టి, సమాన వర్షపాతం ఉన్న చోట్లను కలుపుతూ గీసే రేఖలే దానికి తగినవి.

ఎన్నికల పటాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాల్లో 2019లో తెలుగుదేశం 23, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 11 గెలుచుకున్నాయి. ఆ రెండు ఓటములలోనూ ఓడిన పార్టీకి 39 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. గెలిచిన పార్టీ రంగు మాత్రమే వేస్తే, పదిమందిలో దాదాపు నలుగురి ఓటు పటంలో కనిపించదు. నియోజకవర్గాలన్నిటినీ ఒకే పరిమాణంలో షట్కోణాలుగా మార్చే కార్టోగ్రామ్, విస్తీర్ణం వల్ల వచ్చే భ్రమను తొలగిస్తుంది గాని ఈ లోపాన్ని సరిచేయదు. దానికి గెలుపు రంగు బదులు ఓట్ల శాతాన్ని బట్టి ఛాయలు వేయాలి, లేదా పటం పక్కనే పార్టీలవారీ ఓట్లను చూపే ఒక సాదా బార్ చార్టు పెట్టాలి.