పచ్చ పరదా కట్టారంటే గుర్రం చచ్చిపోయినట్టేనా?

నమస్తే అండీ అందరికీ. ఎప్పుడూ గిత్తలు, బండలాగుడు, తిరునాళ్ళు చూపించే మన ఛానల్లో ఇయ్యాల గుర్రాల సంగతి మాట్లాడబోతున్నా. గుర్రం కంటే కూడా, గుర్రం పడినప్పుడు చుట్టూ ఉన్న మనుషుల సంగతి.

ఎందుకంటే ఏప్రిల్ వచ్చిందంటే ఇంగ్లండ్‌లో గ్రాండ్ నేషనల్ అనే పెద్ద గుర్రప్పందెం జరుగుద్ది, ఇక ఆ వారమంతా నా ఫోన్లో ఒకే రకం షార్ట్‌లు. గుర్రం కంచె దూకబోయి బోర్లా పడుద్ది, మనుషులు పరిగెత్తుకుంటా వచ్చి చుట్టూ పచ్చ పరదా నిలబెడతారు, వీడియో అక్కడితో కట్. కింద తెలుగులో రాస్తారు, "పరదా కట్టారంటే తుపాకీతో కాల్చేసినట్టే" అని. దాని కింద వందల్లో ఏడుపు బొమ్మలు. మా వాట్సాప్ గ్రూపులో కూడా అదే, చదువుకున్నోళ్ళు కూడా అదే. ప్రతిసారీ టైపు చేసి చెప్పలేక ఈ వీడియో చేస్తున్నా.

మన హైదరాబాద్ మలక్‌పేటలో జరిగేవి చదును నేల మీద పరుగులు. ఇది వేరు, జంప్ పందెం, దారిలో కంచెలు, గుంటలు దూకుతా పోవాలి. లివర్‌పూల్ పక్కన ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ అయితే దాదాపు 7 కిలోమీటర్లు, రెండు చుట్లు కలిపి 30 దూకుళ్ళు. ఒకప్పుడు 40 గుర్రాలు బయల్దేరేవి, రద్దీ తగ్గిద్దామని 2024 నుంచి 34కి తగ్గించారు. ఆ 2024లో ఒక్క గుర్రం కూడా కంచె దగ్గర పడలేదు, ఈ సంగతి మాత్రం ఎవరూ షార్ట్ చెయ్యరు.

సరే, ముందు మా చిన్నోడి కథ చెప్పాలి, అది చెప్తేగాని నా మాట మీకెక్కదు.

(స్క్రీన్ మీద బాబాయి జోడీ ఫోటో)

చిన్నోడంటే మనిషి కాదు, మా బాబాయి జోడీలో దాపటెద్దు, అంటే ఎడమ పక్క కట్టేది. శివరాత్రికి మా ఊళ్ళో బండలాగుడు పోటీ పెట్టారు, నాలుగు పళ్ళ వయసు విభాగం. రెండు రౌండ్లు బ్రహ్మాండంగా లాగారు, మూడో రౌండులో మలుపు దగ్గర చిన్నోడికి ముంగాలు జారింది, మోకాళ్ళ మీద కూలి పక్కకి ఒరిగిపోయాడు, కాడి మెడకి బిగుసుకుంది, ఎలపటెద్దు కూడా వంగిపోయింది. అంతే, జనం మొత్తం బరిలోకి. ఒకడు తోక మెలిపెడతన్నాడు, ఒకడు బాటిల్ తీసి ముక్కులో నీళ్ళు పోస్తన్నాడు, ఇంకో పదిమంది ఫోన్లు ఎత్తారు, మిగతావాళ్ళు "లే లే లే" అని అరుపులు. వాడు మూడుసార్లు లేవబోయాడండీ, మూడుసార్లూ ఆ అరుపుకి బెదిరి మళ్ళీ కూలాడు. నేనూ ఆ గుంపులోనే ఉన్నా, నేనూ అరిచా, అరిస్తే లేస్తాడనే అనుకున్నా.

అప్పుడు మా పెదనాన్న జనాన్ని తోసుకుంటా వచ్చి, "ముందు కాడి దించండి, గాలి ఆడనీయండ్రా!" అని ఒక్క కేక పెట్టాడు. భుజం మీద తువ్వాలు తీసి చిన్నోడి కంటి మీద కప్పాడు. నలుగురిని పిలిచి పంచెలు విప్పదీసి జనానికీ ఎద్దుకీ మధ్య అడ్డం పట్టమన్నాడు. పంచెల వెనక ఏం జరుగుతోందో మాకు కనపడలా. నా పక్కన ఒకాయన "అయిపోయింది, పోయినట్టుంది" అన్నాడు, చూడండి, ఆ మాటే, అచ్చం ఆ షార్ట్ కింద రాసిన మాటే. ఏడెనిమిది నిమిషాలకి పంచెల పైన మూపురం కనపడింది. వాడు లేచాడు.

ఇప్పుడు ఎయిన్‌ట్రీకి పోదాం. ఆ పచ్చ పరదా మా పెదనాన్న పట్టించిన పంచే. అంతకంటే ఏం లేదు.

గుర్రం పడితే చాలాసార్లు జరిగేదేందంటే, ఆ దెబ్బకి ఊపిరి పట్టేస్తది. మనం మెట్ల మీద నుంచి వెల్లకిలా పడితే కాసేపు ఊపిరి అందదు చూడండి, అట్టా. అరటన్ను బరువున్న జంతువు ఆ వేగంతో నేలకి తగిలితే ఊపిరి మళ్ళీ సర్దుకోడానికి టైం పడుద్ది, అది కదలకుండా చాపగా పడుకుని ఉంటది, దూరం నుంచి చూసేవాడికి చచ్చినట్టే ఉంటది. పశువైద్యులు పందెం వెనకాలే బండ్లలో వస్తా ఉంటారు కాబట్టి క్షణాల్లో చేరతారు, ఊపిరి చూస్తారు, మెడ, కాళ్ళు తడుముతారు, కావాలంటే నొప్పికి ఇంజెక్షన్ ఇస్తారు. ఈ పనికి వాళ్ళకి చాటు కావాలి, గుర్రానికి నెమ్మది కావాలి, చూసే జనానికి, అందులో పిల్లలుంటారు, ఆ దృశ్యం నుంచి అడ్డు కావాలి. అందుకు పరదా. తిరునాళ్ళలో నిండు గర్భిణికి నొప్పులొస్తే ఆడోళ్ళు చుట్టూ నిలబడి చీరలు అడ్డం పట్టరా? ఆ చీరలు చూసి మనిషి పోయిందని ఎవరన్నా అంటారా?

2025 గ్రాండ్ నేషనల్‌నే చూడండి. బ్రాడ్‌వే బాయ్ అనే గుర్రం ముందు వరసలో పోతా 25వ కంచె దగ్గర చాలా దారుణంగా పడింది, అది చూస్తే ఎవరికైనా కడుపులో తిప్పేస్తది. నాకు ఆ సాయంత్రమే పది మంది పంపారు, "పోయింది" అని. పోలేదు. డాక్టర్లు అక్కడే చూశారు, అది తన కాళ్ళ మీద తనే నడిచి గుర్రాల అంబులెన్స్ ఎక్కింది, బతికింది. అదే పందెంలో 13 ఏళ్ళ సెలెబ్రె డాలెన్ కంచె దగ్గర పడనేలేదు, చివరి పరుగులో అలిసి కూలిపోయింది, తర్వాత కొన్ని రోజులకి చనిపోయింది. అంత అలిసిన గుర్రాన్ని ఇంకా పరిగెత్తించినందుకు దాని జాకీకి 10 రోజుల సస్పెన్షన్ వేశారు. పడటం వేరు, చావు వేరు అని అందుకే అంటున్నా.

చావులు లేవని మాత్రం చెప్పట్లా. బ్రిటన్ జంప్ పందేల్లో గుర్రాలు వెయ్యిసార్లు బరిలోకి దిగితే సుమారు నాలుగు చావులు, నా దృష్టిలో అది చిన్న సంఖ్య కాదు. పరదా వెనకాల ప్రాణం తీసేది కూడా నిజమే, కొన్నిసార్లు. కాలు విరిగితే కట్టు కట్టొచ్చు గదా అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. గుర్రానికి మోకాలు కింద కండ ఉండదు, ఎముక, నరాలు, పలచని చర్మం, అంతే. ఆ వేగంలో విరిగితే చాలాసార్లు ముక్కలు ముక్కలయిద్ది, రక్తం సరిగ్గా అందదు. పోనీ నెలల తరబడి పడుకోబెడదామంటే దాని ఒళ్ళు అందుకు పనికిరాదు, నిలబెడదామంటే బరువంతా మంచి కాలి మీద పడి ఆ గిట్ట లోపల పాడైపోద్ది. అమెరికాలో బార్బరో అని గొప్ప గుర్రం, చదును పందెం గుర్రమే అనుకోండి, 2006 మేలో వెనక కాలు విరిగితే డబ్బుకి వెనకాడకుండా ఆపరేషన్లు చేశారు, ఎనిమిది నెలలు కాపాడారు, చివరికి మిగతా గిట్టలు దెబ్బతిని 2007 జనవరిలో దాని బాధ చూడలేక శాశ్వతంగా నిద్రపుచ్చారు. మా చిన్నోడికి కాలు విరగలేదు, విరిగి ఉంటే పెదనాన్న పంచెలు పట్టినా ఏం చెయ్యగలిగేవాడో నేను చెప్పలేను.

సరే, చూసేవాళ్ళ సంగతికొస్తా. అసలు చెప్పాలనుకున్నది ఇదే.

మొదటిది అరుపు. గుర్రం పడగానే "అయ్యో" అనటం సహజం, దాన్ని ఎవరూ ఆపలేరు. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. గుర్రం పారిపోయి బతికే జాతి, పులిని చూసి ఎదురు తిరగదు, పరిగెత్తుద్ది. పడిపోయి ఉన్నప్పుడు పరిగెత్తలేదు గదా, చుట్టూ అరుపులు వినపడితే దానికి ఎంత భయం వేస్తదో ఆలోచించండి. దానికి కళ్ళు పక్కలకి ఉంటాయి, ఒక్కచోటే నిలబడి దాదాపు చుట్టూ చూస్తది. మనం గుండ్రంగా మూగామనుకోండి, దానికి ఏ వైపూ దారి కనపడదు. పెదనాన్న తువ్వాలు కన్ను మీద వేసింది అందుకే, ఎవరూ నేర్పకుండానే ఆయనకి తెలిసింది.

1956లో డెవాన్ లాక్ అని రాజమాత గుర్రం, గ్రాండ్ నేషనల్ గెలిచేసినట్టే, కంచెలన్నీ అయిపోయినయ్, గెలుపు గీతకి ఇంకో 50 గజాలు కూడా లేదు, ఎదురుగా ఏమీ లేకుండానే ఉన్నట్టుండి గాల్లోకి లేచి పొట్ట మీద చతికిలపడింది. ఇంకో గుర్రం గెలిచింది. ఎందుకు పడిందో ఇప్పటికీ తేలలేదు, రకరకాలుగా చెప్తారు. దాని మీద ఎక్కిన జాకీ మాత్రం, రాజమాత గుర్రం గెలుస్తోందని జనం పెట్టిన ఆ హోరు ఒక్కసారిగా చెవుల్లో పడి బెదిరిందని నమ్మాడు. నాకు ఆ మాటే నిజమనిపిస్తది. ఎందుకంటే చిన్నోడు లేచినప్పుడు మా ఊరి జనం ఈలలేసి చప్పట్లు కొట్టారు, సంతోషంతోనే, వాడు ఆ మోతకి వెనక్కి గెంతి పలుపు కాలికి చుట్టుకుని రెండోసారి పడబోయాడు. బ్రిటన్‌లో కూడా పడిన గుర్రం లేస్తే చప్పట్లు కొడతారు, వాళ్ళు దూరంగా స్టాండ్లలో ఉంటారు కాబట్టి సరిపోయింది. మీరు కంచె పక్కన ఉంటే అది నాలుగడుగులు నడిచిందాకా ఆగండి.

రెండోది, ముందు నిలబడటం. ఇది మన పశువుల వాళ్ళకి బాగా అర్థమయిద్ది. ఎద్దు ఎట్టా లేస్తది? వెనక భాగం ముందు లేపుద్ది, తర్వాత ముంగాళ్ళు. గుర్రం దానికి తిరగేసి! ముంగాళ్ళు ముందుకి చాపి, తల ఒక్క విసురు విసిరి, తర్వాత వెనక కాళ్ళతో తోసుకుని లేస్తది. మధ్యలో కాసేపు కుక్క కూర్చున్నట్టు కూర్చుంటది, అది చూసి "నడుం విరిగింది" అని రాసేస్తారు, విరగలేదు, లేస్తోంది. చిన్నోడి ముందు నిలబడి పలుపు లాగినవాడికి ఏం కాలేదు, గుర్రం ముందు అట్టా నిలబడితే ఆ తల వచ్చి మూతి పగలగొడుద్ది.

మూడోది, జాకీ లేని గుర్రం. మనిషి పడిపోయినా గుర్రం గుంపుతోనే పరిగెత్తుద్ది, ఒంటరిగా ఉండటం దానికి భయం. 1967లో అట్టా వదులైపోయిన గుర్రం ఒకటి 23వ కంచెకి అడ్డం తిరిగితే వెనకొచ్చేవి దాదాపు అన్నీ కొన్ని పడిపోయి, కొన్ని ఆగిపోయి గందరగోళమైపోయింది, ఎక్కడో వెనకబడి వస్తున్న ఫొయినావన్ పక్కనించి దూకి గెలిచింది, దాని మీద పందెం ధర ఒకటికి వంద. ఇప్పుడా కంచె పేరే ఫొయినావన్. అట్టాంటి గుర్రం మీ వైపు వస్తే చేతులు బార్లా చాపి ఆపబోకండి, గొడుగు తెరవొద్దు, వెంట పడొద్దు, కదలకుండా నిలబడండి, పట్టుకునేవాళ్ళు వేరే ఉంటారు. కింద పడ్డ జాకీ ముడుచుకుని బంతిలా ఉంటే స్పృహ పోయిందని అడ్డుకట్ట దాటుకుని లోపలికి పోబోకండి, వెనక గుర్రాలు పోయిందాకా అట్టా ఉండమనే వాళ్ళకి నేర్పుతారు.

వీడియో పొడుగయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. పడిన గుర్రం ఇంకా దారిలోనే ఉంటే నలుపు తెలుపు గళ్ళ జెండా ఊపుతారు, రెండో చుట్టులో ఆ కంచె వదిలేసి పక్కనించి పోవాలి, 2011లో గ్రాండ్ నేషనల్‌లో మొదటిసారి అట్టా చేశారు, ఆ రోజు రెండు గుర్రాలు చనిపోయాయి. అదే రోజు గెలిచిన బలబ్రిగ్స్ మీద నుంచి జాకీ గీత దాటగానే దూకేశాడు, జనం ఇదీ పోతోంది అనుకున్నారు, ఎండకి ఒళ్ళు కాలిపోతుంటే నీళ్ళు పొయ్యటానికి దిగాడంతే. పరదా పై నుంచి ఫోన్ పెట్టి తియ్యొద్దు. గుర్రం పడి ఉండగా మీ పందెం గుర్రం గెలిచిందని గెంతొద్దు, దాని సాయిసు అక్కడే ఎక్కడో చేతిలో తాడు పట్టుకుని పరిగెత్తుతా ఉంటాడు, రోజూ మేత పెట్టి తోమే మనిషి. చిన్నోడు పడ్డప్పుడు మా బాబాయి మొహం చూశా నేను, ఆ మొహం ముందు ఎవరో "మాదే ఫస్ట్" అని మైకులో అరిచారు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. పోయిన వారం మా ఊరి పోటీల కమిటీ వాళ్ళతో కూర్చుని మాట్లాడా. టెంట్‌హౌస్‌లో షామియానాకి పక్కన కట్టే పరదాలు ఉంటాయి గదా, అవి రెండు, నాలుగు కర్రలు, వచ్చే శివరాత్రికి బరి పక్కనే పెట్టడానికి ఒప్పుకున్నారు. మైకులో చెప్పాల్సిన మాట కూడా రాసిచ్చా, "గాలి ఆడనీయండి, ఎవరి చోట వాళ్ళు కూర్చోండి" అని. పట్టుకోడానికి నలుగురు కుర్రాళ్ళు పేర్లిచ్చారు, ఐదో పేరు మా పెదనాన్నది.