సీపీయూ ఖాళీ, సైట్ మాత్రం కదలదు

(తెర మీద: ఎడమ పక్క టెర్మినల్‌లో టాప్ కమాండ్, సీపీయూ 9 శాతం. కుడి పక్క బ్రౌజర్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది.)

ఇది చూడండి. సీపీయూ 9 శాతమే. కానీ సైట్ తిరుగుతోంది, తిరుగుతోంది... నిమిషం గడిచాక 504, గేట్‌వే టైమ్‌అవుట్, అంటే వెనకనుంచి జవాబు టైముకి రాలేదని. సర్వర్ ఖాళీగానే కూర్చుంది, పని మాత్రం అవ్వట్లేదు.

ఒకప్పుడు ఒక కోచింగ్ సెంటర్‌కి రిజిస్ట్రేషన్ సైట్ చేసిపెట్టాను. 2 జీబీ ర్యామ్, ముందు వచ్చేవాళ్ళని అందుకునే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్, వెనకాల సైట్ కోడ్‌ని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం, డేటాబేస్‌గా మైఎస్‌క్యూఎల్. రిజిస్ట్రేషన్లు తెరిచిన రోజు పొద్దున్నే పదింటికి ఫోన్: "సార్, సైట్ ఓపెన్ అవ్వట్లేదండీ." పదింపావుకి మళ్ళీ అదే మనిషి. ఈసారి "అండీ" లేదు.

(తెర మీద: టిఫిన్ సెంటర్ బొమ్మ. కౌంటర్, వెనక అయిదు పెనాలు.)

లోపల ఏం జరుగుతుందో టిఫిన్ సెంటర్‌లో పెట్టి చూద్దాం. కౌంటర్లో టోకెన్లు చింపేవాడు ఇంజిన్‌ఎక్స్. ఒక్కడే వందలమందిని చూసుకోగలడు. ఎవరి దోసె కోసమూ నిలబడిపోడు, టోకెన్ ఇచ్చి తర్వాతి మనిషి వైపు తిరుగుతాడు. ఇగోర్ సిసోయెవ్ దీన్ని 2004లో విడుదల చేసిందే, ఒకే సర్వర్ మీద వేలల్లో కనెక్షన్లు నిలబడాలని. కాబట్టి గొడవ కౌంటర్లో ఉండటం అరుదు. వెనక దోసె మాస్టర్లున్నారే, ఆ ఎఫ్‌పీఎం వర్కర్లు, వాళ్ళలో ఒక్కొక్కరూ ఒకసారికి ఒక్క దోసే వేస్తారు. అయిదుగురూ పనిలో ఉంటే ఆరో టోకెన్ ఆగాల్సిందే.

ఆ అయిదు నేను ఉదాహరణకి చెప్పిన అంకె కాదు. ఎఫ్‌పీఎంతో వచ్చే కాన్ఫిగ్ ఫైల్లో పీఎం డాట్ మ్యాక్స్ చిల్డ్రన్ (ఒకేసారి ఎంతమంది వర్కర్లు ఉండొచ్చో చెప్పేది) విలువ 5. చాలామంది దాన్ని ముట్టుకోకుండానే సైట్ జనంలోకి వదిలేస్తారు. నేనూ వదిలేశాను. లాగ్ తెరిస్తే మొహం మీదే రాసుంది: మ్యాక్స్ చిల్డ్రన్ 5కి చేరింది, పెంచే సంగతి చూడండి అని.

పెంచేశాను. ఏకంగా 100.

(తెర మీద: మెమరీ గ్రాఫ్ నిటారుగా పైకి. స్వాప్ ఎర్రగా.)

మూడు నిమిషాలు బ్రహ్మాండం. తర్వాత ర్యామ్ నిండింది, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడే చోటు) నిండింది, చివరికి లినక్స్ కెర్నెల్, మెమరీ ఖాళీ చేయడానికి, మైఎస్‌క్యూఎల్‌నే చంపేసింది. అప్పటిదాకా సైట్ నెమ్మది, ఇప్పుడు అసలు లేదు.

ముందు చేయాల్సిన లెక్క ఇది. పీఎస్ కమాండ్‌లో ఆర్‌ఎస్‌ఎస్ కాలమ్ చూడండి, ఒక్కో వర్కర్ ఎంత మెమరీ తింటోందో తెలుస్తుంది. మాది 55 ఎంబీ. ఓఎస్‌కి, డేటాబేస్‌కి పోగా మిగిలింది 1100. భాగిస్తే 20. అంతే, అదే మా హద్దు. నేను పెట్టిన వందకి 5500 ఎంబీ కావాలి! (వర్కర్లు పంచుకునే మెమరీ కూడా ఆర్‌ఎస్‌ఎస్‌లో కలిసే వస్తుంది, కాబట్టి అసలు ఖర్చు కొంచెం తక్కువే. ఆ తేడాని చేతిలో ఉంచుకోండి, వాడేయకండి.)

20 పెట్టాను. అయినా క్యూ తగ్గలేదు. ఇక్కడే అసలు కథ.

(తెర మీద: స్లోలాగ్ ఫైల్. ఒకే లైన్ పదేపదే.)

ఎఫ్‌పీఎంలో స్లోలాగ్ అని ఒకటుంది. ఫైల్ దారి ఇచ్చి, రిక్వెస్ట్ స్లోలాగ్ టైమ్‌అవుట్ 3 సెకన్లు పెడితే, అంతకంటే ఎక్కువ పట్టిన ప్రతి రిక్వెస్టూ ఆ క్షణాన కోడ్‌లో ఏ లైన్ దగ్గర నిలబడి ఉందో రాసిపెడుతుంది. మా ఫైల్ నిండా ఒకటే: కర్ల్ ఎగ్జెక్, పీహెచ్‌పీ నుంచి బయటి సర్వర్‌ని పిలిచే ఫంక్షన్. రిజిస్ట్రేషన్ అవగానే ఎస్ఎంఎస్ పంపే లైన్ అది. అవతలి ఎస్ఎంఎస్ సర్వర్ ఆ రోజు 20 సెకన్లకి గానీ పలకట్లేదు. అంతసేపూ మా మాస్టర్ పెనం ముందు చేతులు కట్టుకుని పిండి కోసం చూస్తున్నాడు. సీపీయూ 9 శాతం ఎందుకో అర్థమైందా?

ఇరవైమంది, తలా 20 సెకన్లు. అంటే సెకనుకి ఒక్క రిజిస్ట్రేషన్. అదే పని 0.2 సెకన్లలో అయితే, కాగితం మీద సెకనుకి వంద. పెనాలు అవే.

మరి పీహెచ్‌పీలో 30 సెకన్ల మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ ఉంది కదా అంటారా? లినక్స్‌లో అది స్క్రిప్ట్ నడిచిన సమయాన్నే లెక్కపెడుతుంది. నెట్‌వర్క్ కోసం, డేటాబేస్ కోసం ఎదురుచూసిన సమయం అందులోకి రాదు. కర్ల్‌కి కూడా మనం చెప్పకపోతే మొత్తం సమయానికి హద్దే లేదు. అందుకే కర్ల్‌కి 5 సెకన్లు, ఎఫ్‌పీఎంలో రిక్వెస్ట్ టెర్మినేట్ టైమ్‌అవుట్ (అది దాటిన రిక్వెస్ట్‌ని ఆపేస్తుంది) 30 సెకన్లు పెట్టాను. ఎస్ఎంఎస్‌లని ఒక టేబుల్లో రాసిపెట్టి, నిమిషానికోసారి క్రాన్‌తో (టైం ప్రకారం పనులు నడిపే లినక్స్ టూల్) పంపించాను. మెసేజ్ నిమిషం ఆలస్యంగా వస్తే ఎవరూ ఫోన్ చేయలేదు.

ఒక సలహా మాత్రం వినొద్దు. 504 వస్తే ఇంజిన్‌ఎక్స్‌లో ఫాస్ట్‌సీజీఐ రీడ్ టైమ్‌అవుట్‌ని, అంటే పీహెచ్‌పీ జవాబు కోసం ఆగే సమయాన్ని, 60 సెకన్ల నుంచి 300కి పెంచమంటారు. అయిదు నిమిషాలు ఎవరు కూర్చుంటారండీ? రిఫ్రెష్ కొడతారు. పాత రిక్వెస్ట్ లోపల నడుస్తూనే ఉంటుంది, కొత్తది వెనక చేరుతుంది.

(తెర మీద: ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్, క్యాష్ లైన్లు.)

చివరగా క్యాష్, అంటే ఒకసారి తయారైన పేజీని దాచి మళ్ళీ అదే ఇవ్వడం. అందరికీ ఒకేలా కనిపించే నోటీసు పేజీని ఇంజిన్‌ఎక్స్‌లో ఒక్క సెకను దాచినా చాలు, క్యాష్ లాక్ (ఒకరి కోసం పేజీ తయారవుతుంటే మిగతావాళ్ళని ఆపేది) కూడా ఆన్ చేస్తే వందమంది ఒకేసారి వచ్చినా పీహెచ్‌పీ దాకా దాదాపు ఒకరే వెళ్తారు. పేజీ సెట్-కుకీ హెడర్ (బ్రౌజర్‌కి ఇచ్చే గుర్తింపు చీటీ) పంపుతుంటే ఇంజిన్‌ఎక్స్ దాన్ని దాచదు. క్యాష్ పనిచేయట్లేదని ఆ హెడర్‌ని పట్టించుకోవద్దని రాశారో, ఒకరి లాగిన్ ఇంకొకరి ఫోన్లో తెరుచుకుంటుంది. ఆ పేజీ కోడ్‌లో ఆ కుకీని పంపే సెషన్ స్టార్ట్ తీసేయండి, కాన్ఫిగ్‌ని టెస్ట్ చేసి రీలోడ్ కొట్టండి. రీస్టార్ట్ కాదు, రీలోడ్. మధ్యలో ఫారం నింపుతున్నవాళ్ళు ఉంటారు.